రాడార్ బొమ్మలో ఎరుపు, మేడ మీద వడియాలు

మే నెలలో ఒక సాయంత్రం. ఆరూ ఐదుకి మా ఫ్యామిలీ గ్రూపులో బావగారు ఒక రాడార్ బొమ్మ పెట్టారు. జిల్లాల సరిహద్దు గీతలు, విజయవాడ పేరుకి ఆనుకుని కుంకుమబొట్టంత ఎర్ర ముద్ద, కింద ఒకటే వాక్యం: "వచ్చేస్తోంది, మేడ మీదవి తీసుకోండి." బట్టలైతే ఏమోలే అనుకునేవాళ్లం. సత్యనారాయణపురంలో మా మేడ మీద అత్తయ్య పొద్దున పెట్టిన గుమ్మడి వడియాలున్నాయి, నాలుగు పాత చీరల నిండా. ఆకాశం చూస్తే ఉత్తరాన నల్లగా ఉంది. ఇంకేం ఆలోచిస్తాం, సగం ఎండిన వడియాల్ని చీరలతో సహా చుట్టేసి కిందికి మోసుకొచ్చాం. కొన్ని విరిగాయి, కొన్ని ఒకదానికొకటి అతుక్కుని ముద్దయ్యాయి. ఆ రాత్రి మా వీధిలో ఒక్క చినుకు రాల్లేదు.

"దిక్కుమాలిన రాడార్లు" అంది అత్తయ్య. మిషన్ అబద్ధం చెప్పదు అని బావగారి వాదన. 2024లో బుడమేరు వాగు మా ఊళ్లో సింగ్‌నగర్‌ని ముంచినప్పటి నుంచి ఇటు విజయవాడలో, అటు గుంటూరులో అల్పపీడనం అన్న మాట వినపడితే చాలు, ఫోన్లలో ఈ రంగుల బొమ్మలు తిరుగుతున్నాయి. చూసేవాళ్లు పెరిగారు కానీ, ఆ రంగు దేనికి గుర్తో తెలిసినవాళ్లు పెరిగినట్టు లేదు. నేనూ ఆ రోజు దాకా వాళ్లలో ఒకణ్ణే. వడియాలు పోయాక కూర్చుని చదివితే తెలిసింది: రాడార్ చూసేది వానని కాదు. ఆకాశంలో ఏదో ఒక ఎత్తున దేనికో తగిలి వెనక్కి వచ్చిన ప్రతిధ్వనిని. ఆ ప్రతిధ్వనికీ మన నెత్తిన పడే చినుకుకీ మధ్య చాలా లెక్కలున్నాయి.

కేక పెట్టి చెవి ఒగ్గడం

కొండపల్లి ఖిల్లా ఎక్కినవాళ్లలో ఎదురుగోడకేసి ఒక్క కేకైనా పెట్టనివాళ్లు తక్కువ. కేక తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి గోడ ఎంత దూరంలో ఉందో చెప్పొచ్చు. రాడార్ చేసేదీ అదే, శబ్దం బదులు రేడియో తరంగంతో. అది సెకనుకి 3 లక్షల కి.మీ. వేగంతో పోతుంది.

మనకి దగ్గర్లో ఉన్నది మచిలీపట్నంలోని భారత వాతావరణ శాఖ రాడార్. అక్కణ్ణుంచి గీత గీస్తే విజయవాడ సుమారు 65 కి.మీ., గుంటూరు సుమారు 76 కి.మీ. మన ఊరి మీది మబ్బుకి తగిలి తరంగం వెనక్కి వెళ్లాలంటే 130 కి.మీ. ప్రయాణం. అంటే సెకనులో 2,300వ వంతు. రాడార్ ఒక కేక పెడుతుంది, ఆగి వింటుంది, మళ్లీ కేక పెడుతుంది, ఇలా సెకనుకి కొన్ని వందల సార్లు. ఆ కేకనే పల్స్ అంటారు. ఒక్కో పల్స్ నిడివి సెకనులో పది లక్షల వంతు స్థాయిలో ఉంటుంది.

రాడార్ డిష్‌ని కప్పి ఉంచే తెల్లటి గుండ్రటి బుడగ పక్కన ఇల్లుంటే ప్రమాదమా అని కొందరు అడుగుతుంటారు. లెక్క వేద్దాం. ఈ రకం రాడార్ పల్స్ శక్తి 7.5 లక్షల వాట్లు అనుకోండి. వినగానే గుండె ఆగుతుంది. కానీ సెకనుకి 600 పల్సులు, ఒక్కోటీ సెకనులో పది లక్షల వంతు అంటే, మొత్తం మీద అది కేక పెట్టేది సెకనులో పదివేలకి ఆరు వంతులే. మిగతా కాలమంతా వింటూ ఉండటమే. సగటు తీస్తే 450 వాట్లు. అత్తయ్య మినప్పప్పు రుబ్బే మిక్సీ దీనికంటే ఎక్కువ లాగుతుంది. పైగా ఆ తరంగాల పుంజం ఇళ్ల మీదకి కాదు, ఆకాశంలోకి చూస్తుంటుంది.

బుడగ లోపల ఎనిమిదిన్నర మీటర్ల వెడల్పున్న డిష్ తిరుగుతుంటుంది. ముందు నేలకి దాదాపు సమాంతరంగా ఒక చుట్టు, తర్వాత కాస్త తలెత్తి ఇంకో చుట్టు, ఇంకాస్త ఎత్తి మరో చుట్టు. ఇలా మెట్లు మెట్లుగా ఆకాశమంతా చూసి మళ్లీ మొదటికి రావడానికి సుమారు పది నిమిషాలు. అంటే మన ఫోన్లో బొమ్మ ఎంత తాజాదైనా, దానికీ తర్వాతి బొమ్మకీ మధ్య పది నిమిషాలు ఖాళీ. ఉరుముల మబ్బుకి పది నిమిషాలంటే చిన్న విషయం కాదు. కొన్ని పుట్టి, పెరిగి, కురిసి, చెదిరిపోవడానికి అరగంట నుంచి గంట సరిపోతుంది.

వెనకటి ముచ్చట ఒకటి. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ ముందు కూర్చున్న సైనికులకి ఈ వాన మరకలు పెద్ద చిరాకు, శత్రు విమానాలు కనపడకుండా అడ్డొచ్చేవి. ఆ అడ్డే యుద్ధం అయ్యాక ఒక శాస్త్రమైంది.

ఎరుపు అంటే ఎంత వాన

ముందు ఒక గందరగోళం వదిలించుకోవాలి. వాతావరణ శాఖ హెచ్చరికల్లోనూ రంగులుంటాయి: ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. అవి మనుషులు ఆలోచించి తీసుకున్న నిర్ణయాలు, రాబోయే గంటల్లో లేదా రోజుల్లో ఒక జిల్లాకి ఎంత నష్టం జరగొచ్చు అన్న అంచనా మీద. రాడార్ బొమ్మలో ఎరుపు అలాంటిది కాదు. ఆ క్షణంలో అక్కడి నుంచి ఎంత ప్రతిధ్వని వచ్చిందో చెప్పే కొలత, అంతే. రాడార్‌లో ఎరుపు కనపడ్డంత మాత్రాన రెడ్ అలర్ట్ ఇచ్చినట్టు కాదు. రెడ్ అలర్ట్ ఉన్న రోజు పొద్దున్నే రాడార్ ఖాళీగానూ ఉండొచ్చు.

ఆ కొలత పేరు డీబీజెడ్. బొమ్మ పక్కన నిచ్చెనలా కనపడే అంకెలు అవే. అంకె పది పెరిగితే ప్రతిధ్వని పది రెట్లు పెరిగినట్టు. 20 అంటే తుంపర, 40 అంటే గట్టి వాన, 50 దాటితే ఉరుముల వాన.

ప్రతిధ్వని ఎంతన్నది ప్రధానంగా చినుకు సైజు మీద ఆధారపడుతుంది. మామూలుగా కూడా కాదు. చినుకు వ్యాసం రెట్టింపైతే ప్రతిధ్వని 64 రెట్లు అవుతుంది, అంటే రెండుని ఆరుసార్లు వేసి గుణించినంత. ఇప్పుడు 4 మి.మీ. చినుకు ఒకటి, 1 మి.మీ. చినుకులు కొన్ని తీసుకోండి. పెద్దదానిలో నీళ్లు 64 చిన్న చినుకులంత. ప్రతిధ్వని మాత్రం 4,096 చిన్న చినుకులంత. కాబట్టి నాలుగే నాలుగు లావుపాటి చినుకులు రాల్చే వేసవి మబ్బు రాడార్‌కి భీకరంగా కనపడొచ్చు. సన్న చినుకులతో ధారగా గంటల తరబడి కురిసే వాయుగుండం వాన అంత భయపెట్టకపోవచ్చు. మన అనుభవంలో రోడ్లు ముంచేది ఈ రెండోదే.

మరి ప్రతిధ్వనిని మిల్లీమీటర్ల వానలోకి ఎలా మారుస్తారు? దానికో సూత్రం ఉంది. కెనడాలో మార్షల్, పామర్ అనే ఇద్దరు 1948లో ఇచ్చింది ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. దాని ప్రకారం 40 డీబీజెడ్ అంటే గంటకి సుమారు 11.5 మి.మీ. వాన, 50 అంటే సుమారు 49 మి.మీ. అయితే సముద్రం మీంచి వచ్చే ఉష్ణమండల వానలకి సరిపోతుందని వాడే సూత్రం ఇంకొకటి ఉంది. దాన్ని పెడితే అదే 40 సుమారు 21.6 మి.మీ. అవుతుంది, అదే 50 సుమారు 147 మి.మీ. అవుతుంది. బొమ్మలో రంగు ఒక్కటే, లెక్కలో తేడా మూడు రెట్లు. వడగళ్లు ఉంటే ఇంకా గోల, గడ్డ మీద తడి పొర పట్టిందంటే రాడార్‌కి అది రాక్షస చినుకు.

అందుకే నేల మీద రెయిన్‌గేజ్ లేకుండా రాడార్ లెక్క నిలబడదు. డబ్బాలో పడ్డ నీళ్లని కొలిచి, దానితో రాడార్ అంచనాని సరిచేస్తారు. డబ్బా నిజం చెబుతుంది కానీ తన మూతి వెడల్పు మేరకే. రాడార్ వేల చదరపు కి.మీ. చూస్తుంది కానీ ఊహించి చెబుతుంది. ఈ రెండిట్లో ఏది గొప్ప అన్న వాదనలు వింటుంటాను. ఒకటి లేకుండా రెండోది కుంటిదే.

మచిలీపట్నం కంటికి విజయవాడ ఎంత ఎత్తున ఉంది

మా వడియాల కేసులో నేను మొదట అనుమానించింది దీన్నే. రాడార్ పుంజం నేల మీద పాకదు. మొదటి మెట్టులోనే దాన్ని అర డిగ్రీ పైకి ఎత్తి పంపుతారు. పైగా భూమి గుండ్రం కాబట్టి, పుంజం ముందుకి పోయేకొద్దీ నేల దాని కింద నుంచి జారిపోతుంటుంది. గాలి పొరలు పుంజాన్ని కొద్దిగా కిందికి వంచుతాయి, ఆ సాయం సరిపోదు.

అర డిగ్రీ లెక్కన విజయవాడ దగ్గరికి వచ్చేసరికి పుంజం నడిమధ్య సుమారు 800 మీటర్ల ఎత్తున ఉంటుంది, గుంటూరు మీద సుమారు కిలోమీటరు. మాచర్ల చేరేసరికి మూడున్నర కి.మీ. పైన. పుంజం విచ్చుకుంటుంది కూడా. ఒక డిగ్రీ వెడల్పున్న పుంజం విజయవాడ మీద కిలోమీటరు పైచిలుకు మందం, మాచర్ల మీద మూడు కిలోమీటర్లు. బీసెంట్ రోడ్డులో వాన, బెంజి సర్కిల్‌లో ఎండ అనే తేడా రాడార్‌కి ఒక నలుసు. మాచర్ల దాకా వెళ్తే ఆ నలుసు కూడా మిగలదు.

ఎత్తు ఉంటే ఏమవుతుంది? మే నెలలో నేల దగ్గర గాలి పొడిగా, పొయ్యి మీద పెనంలా ఉంటుంది. పైన కురిసిన చినుకులు కిందికి దిగే దారిలోనే ఆవిరైపోతాయి. రాడార్ పైన చినుకుల్ని చూసి రంగు వేస్తుంది, మనకి మట్టివాసన, చల్లగాలి మాత్రం వస్తాయి. దీనికి తిరకాసు కూడా ఉంది. తక్కువ ఎత్తులోనే తయారై కురిసే జల్లు, దూరంగా ఉన్న ఊళ్ల మీద పుంజం కిందుగా దాక్కుంటుంది. బొమ్మలో ఏమీ ఉండదు, మనిషి తడుస్తాడు.

ఇక మచిలీపట్నం వాళ్ల సంగతి చెప్పుకుంటే నవ్వొస్తుంది. డిష్ తల సాధారణంగా 20 డిగ్రీల దగ్గర ఆగుతుంది, నడినెత్తిన ఏముందో చూడదు. రాడార్ బుడగ సరిగ్గా కింద నిలబడ్డవాడి మీద ఎంత పెద్ద ఉరుముల మబ్బున్నా, దాని పైభాగం ఆ రాడార్‌కి కనపడదు. దీపం కింద చీకటి అంటే ఇదే.

డాప్లర్: గాలి ఎటు పోతోంది

రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు వినే ఉంటారు. బండి మనవైపు వస్తుంటే కూత సన్నగా, దాటి వెళ్తుంటే బొంగురుగా మారుతుంది. రాడార్ తరంగంలోనూ అంతే. ఎదురొచ్చే చినుకుకి తగిలితే తిరిగొచ్చే తరంగం పౌనఃపున్యం కాస్త పెరుగుతుంది, దూరంగా పోయేదానికి తగిలితే తగ్గుతుంది. ఆ 'కాస్త' ఎంత తక్కువో చూడండి. 10 సెం.మీ. తరంగం సెకనుకి దాదాపు 300 కోట్ల సార్లు ఊగుతుంది. సెకనుకి 20 మీటర్ల వేగంతో, అంటే గంటకి 72 కి.మీ.తో వచ్చే చినుకు దానికి కలిపేది 400 ఊపులు. ఆ 400ని పట్టుకోగలిగేదే డాప్లర్ రాడార్.

ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది, రాడార్‌కి తెలిసేది తనవైపు రావడం, తన నుంచి పోవడం మాత్రమే. అడ్డంగా పోయేది తెలియదు. విజయవాడ మచిలీపట్నానికి వాయవ్యంగా ఉంది. కాబట్టి విజయవాడ మీద ఈశాన్యం నుంచి నైరుతికి ఎంత ఈదురుగాలి కొట్టినా, మచిలీపట్నం రాడార్ బొమ్మలో దాని వేగం దాదాపు సున్నా. తుపాను మనకి దక్షిణంగా తీరం దాటేటప్పుడు ఇంచుమించు ఆ వైపు నుంచే గాలి వీస్తుంటుంది. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పటి పరిస్థితి దాదాపు ఇదే. అందుకే ఒక్క రాడార్‌ని నమ్ముకోకుండా, వేరే కోణం నుంచి చూసే ఇంకో రాడార్‌ని, సముద్రంలో తేలుతూ గాలిని కొలిచే బోయాల్ని, తీరంలో గాలి కొలిచే పరికరాల్ని కలిపి చూస్తారు.

రెండోది నాకు భలే నచ్చిన చిక్కు. రాడార్ సెకనుకి 600 పల్సులు పంపితే, తర్వాతి కేకకి ముందు 250 కి.మీ. దాకా వెళ్లి రాగలదు. కానీ ఆ రేటుతో తికమక లేకుండా కొలవగల వేగం గంటకి 54 కి.మీ. మాత్రమే. అంతకు మించితే బోల్తా పడుతుంది. పాత సినిమాల్లో జట్కాబండి జోరుగా పోతుంటే చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనపడుతుంది కదా, అదే కథ. రాడార్ వైపు 90 కి.మీ. వేగంతో వస్తున్న గాలి, బొమ్మలో 18 కి.మీ. వేగంతో దూరంగా పోతున్నట్టు కనిపిస్తుంది. పల్సుల రేటు వెయ్యికి పెంచితే 90 కి.మీ. దాకా కొలవొచ్చు. అప్పుడు చూడగల దూరం 150 కి.మీ.కి పడిపోతుంది. దూరం కావాలంటే వేగం వదులుకోవాలి, వేగం కావాలంటే దూరం. మిచౌంగ్ గాలులు గంటకి 90 నుంచి 100 కి.మీ., కొన్ని విసుర్లు 110. అంటే ఈ బాధ కాగితం మీదది కాదు. ఇప్పుడు రెండు రేట్లని మార్చిమార్చి పంపి, రెండు తప్పు జవాబుల్ని పోల్చి అసలు వేగాన్ని రాబడతారు. ఎక్కువసార్లు కుదురుతుంది, ఒక్కోసారి కుదరదు. గాలి బొమ్మలో ఎదురొచ్చే గాలికి ఒక రంగు, దూరంగా పోయే గాలికి ఇంకో రంగు వేస్తారు; అందులో ఎరుపు మధ్యలో ఉన్నట్టుండి ఆకుపచ్చ మచ్చ కనపడితే, అక్కడ సుడిగాలి పుట్టిందని గ్రూపుల్లో పెట్టేముందు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.

తీరంలో ఉన్న రాడార్‌కి ఇంకో గండం, తుపాను ముందు కొట్టేది దాన్నే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు అక్కడి రాడార్ కూడా దెబ్బతిని ఆగిపోయింది.

పెద్ద చినుకు ఇడ్లీలా ఉంటుంది

బొమ్మల పుస్తకాల్లో చినుకు పైన సూదిగా, కింద గుండ్రంగా ఉంటుంది. నిజం చినుకు అలా ఉండదు. చిన్నది గోళీలా గుండ్రంగా ఉంటుంది. పెద్దది కిందికి పడేటప్పుడు గాలి ఒత్తిడికి అడుగు చదునై, పక్కలకి ఉబ్బి అచ్చం ఇడ్లీలా తయారవుతుంది.

పాత రాడార్ ఒకే వాటంగా ఊగే తరంగాన్ని పంపేది. కొత్తవి అడ్డంగా ఊగేది ఒకటి, నిలువుగా ఊగేది ఒకటి పంపుతాయి. దీన్ని డ్యూయల్ పోలరైజేషన్ అంటారు. అడ్డం తరంగానికి ప్రతిధ్వని ఎక్కువ వస్తే అవి ఇడ్లీలు, పెద్ద చినుకులు. రెండూ సమానంగా వస్తే గోళీలు, లేదా గాల్లో పల్టీలు కొట్టే వడగళ్లు. 55 డీబీజెడ్ చూపించి, అడ్డానికీ నిలువుకీ తేడా లేకపోతే వడగళ్లని అనుమానించాలి. మామిడి తోటలున్న నూజివీడు వైపు ఈ ఒక్క అనుమానానికే ఎంతో విలువుంది. పక్షుల గుంపులు, పురుగుల దండు కూడా ఇందులో తేలిగ్గా బయటపడతాయి, వాటి ఆకారం చినుకుల్లా పద్ధతిగా ఉండదు. ముందు చెప్పుకున్న మూడు రెట్ల తేడా ఉందే, దాన్ని తగ్గించేదీ ప్రధానంగా ఇదే. చినుకు సైజు తెలిస్తే ఏ సూత్రం వాడాలో తెలుస్తుంది.

వాన లేని ఆకాశాన్ని చదివే గాదంకి

ఇప్పటిదాకా చెప్పిన రాడార్లకి మబ్బో చినుకో కావాలి. నిర్మలాకాశంలో గాలిని చూడాలంటే వేరే రకం కావాలి. మన రాష్ట్రంలోనే, తిరుపతికి దగ్గర్లోని గాదంకిలో, జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో ప్రపంచస్థాయి రాడార్ ఒకటుంది. పేరు ఎంఎస్‌టీ రాడార్. మీసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్ అనే మూడు వాతావరణ పొరల మొదటి అక్షరాలవి. తిరుపతికి ఏటా వెళ్లివచ్చే మనలో చాలామందికి ఆ కొండల మధ్య అదొకటుందని కూడా తెలియదు.

దానికి డిష్ లేదు. ఒక్కో వైపు సుమారు 130 మీటర్లున్న చదరపు మైదానంలో 32 వరుసలు, వరుసకి 32 చొప్పున 1,024 యాంటెన్నాలు నాటి ఉంటాయి. వెనకటి దూరదర్శన్ రోజుల్లో మేడల మీద ఉండేవే, ఆ రకం. తరంగం పొడవు ఐదున్నర మీటర్ల పైచిలుకు. గాలి ఎప్పుడూ నున్నగా పారదు, కాలవ నీళ్లలా అందులో సుళ్లుంటాయి. సుడి ఉన్నచోట వేడీ తేమా కొద్దిగా మారతాయి. తరంగం పొడవులో సగం, అంటే సుమారు 2.8 మీటర్ల సైజు తేడాలు ఈ రాడార్‌కి సన్నటి ప్రతిధ్వనినిస్తాయి. గాలి ఆ సుళ్లని మోసుకుపోతుంది కాబట్టి, డాప్లర్ లెక్కతో గాలి వేగం తెలిసిపోతుంది. పక్కకి వీచేదే కాదు, నిలువుగా ఎక్కే, దిగే గాలి కూడా.

ఇంత పెద్ద మైదానాన్ని తిప్పలేం కదా, మరి పుంజాన్ని ఎటు కావాలంటే అటు ఎలా వంచుతారు? నాట్లు వేసే వరుసని ఊహించుకోండి. అందరూ ఒకేసారి అడుగు వెనక్కి వేస్తే వరుస నేరుగా కదులుతుంది. ఒక కొసన ఉన్నవాళ్లు ముందుగా, తర్వాతివాళ్లు ఒక్కో క్షణం ఆలస్యంగా అడుగేస్తే వరుస ఏటవాలుగా తిరుగుతుంది. యాంటెన్నాలకి కూడా అలాగే ఒక్కోదానికి లవలేశం ఆలస్యంతో తరంగాన్ని అందిస్తే పుంజం పక్కకి వంగుతుంది. ఏ ఇనుమూ కదలక్కర్లేదు. దీన్నే ఫేజ్డ్ అరే అంటారు. వాన రాడార్లలో కూడా ఇది వస్తోంది. జపాన్‌లో ఒసాకా విశ్వవిద్యాలయం 2012లో పెట్టినదానికి ఆకాశమంతా చూడటానికి అర నిమిషం చాలు. మన పది నిమిషాల పక్కన పెట్టి చూడండి.

మామూలుగా పై గాలుల్ని తెలుసుకునేది బెలూన్లతో. మచిలీపట్నం నుంచి కూడా ఎగరేస్తారు. రోజుకి రెండుసార్లే కుదురుతుంది, పైగా బెలూన్ గాలికి కొట్టుకుపోయి ఎక్కడో తేలుతుంది. గాదంకి రాడార్ ఒకేచోట ఉండి నిమిషాల తేడాతో కొలుస్తూ పోతుంది. రుతుపవనాల కాలంలో దక్షిణ భారతం మీద 14 నుంచి 16 కి.మీ. ఎత్తున తూర్పు నుంచి ఉరికే గాలి ప్రవాహం, పిడుగుల మబ్బులో నిట్టనిలువుగా ఎగసే గాలి, ఇవన్నీ అక్కడ కొలిచారు. విచిత్రమేమిటంటే 30 నుంచి 60 కి.మీ. మధ్య ఆ రాడార్‌కి దాదాపు ఏమీ కనపడదు. అక్కడ ప్రతిధ్వనినిచ్చే సరుకు లేదు. మళ్లీ 60 దాటాక పగటిపూట కనపడుతుంది. ఆ ఖాళీలో కొంత భాగాన్ని లైడార్ అనే లేజర్ పరికరంతో పూరిస్తారు.

దీనివల్ల రేపు విజయవాడలో వాన పడుతుందో లేదో తెలుస్తుందా? నేరుగా తెలియదు. అంచనాలు వేసే కంప్యూటర్ మోడళ్లలో మబ్బు ఎలా ఎగుస్తుందన్న లెక్క సరిగ్గా ఉందా లేదా చూసుకోవడానికి పనికొస్తుంది. వంటకి రుచి చూడటం ఎలాగో అలా.

రాడార్ ఉంది కదా, బుడమేరు ఎందుకు ముంచింది

ఇది నేను ఎక్కువమంది నోట విన్న ప్రశ్న, కోపంతో అడిగిన ప్రశ్న. 2024 ఆగస్టు 31న కుండపోత, ఆ అర్ధరాత్రి దాటాక వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటడం, బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్ ఇళ్లలోకి నీళ్లు, ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద. తీరం దాటింది మనకి ఎంతో దూరాన, మునిగింది మనం.

ఒక వాదన: రాడార్లు చాలవు. మచిలీపట్నంలో ఉన్నది ఎస్ బ్యాండ్, 10 సెం.మీ. తరంగం. కుండపోతలోంచి కూడా అవతలికి చూడగలదు, అందుకే తుపాన్లకి అదే సరైనది. కానీ నగరంలో వీధికీ వీధికీ తేడా చెప్పలేదు, నేలకి దగ్గరగా చూడలేదు. విజయవాడ, గుంటూరు మధ్యలో ఎక్స్ బ్యాండ్ రాడార్లు, అంటే 3 సెం.మీ. తరంగం వాడే చిన్నవి పెట్టాలి, ముంబైలో ఒకటికి నాలుగు పెట్టినట్టు అంటారు వీళ్లు. డిష్ రెండున్నర మీటర్లుంటే చాలు, ఖర్చూ తక్కువ. దీనికి జవాబుగా ఎదుటివాళ్లు చెప్పేది: గట్టి వానలో 3 సెం.మీ. తరంగం మధ్యలోనే హరించుకుపోతుంది. ముందున్న మబ్బు వెనక మబ్బుని దాచేస్తుంది. సరిగ్గా అవసరమైన రోజే గుడ్డిదైపోతుంది. ఇదీ నిజమే. అయితే నాలుగు వైపుల నుంచి నాలుగు చూస్తుంటే ఒకదానికి దాగింది ఇంకోదానికి దొరుకుతుంది, డ్యూయల్ పోలరైజేషన్‌తో పోయిన శక్తిని లెక్కగట్టి కొంత సరిచేయొచ్చు కూడా.

రెండో వాదన: రాడార్ లోటు కాదు, ఆ తర్వాతి మెట్ల లోటు. బుడమేరు నీళ్లు సింగ్‌నగర్ మీద కురిసినవి కావు. మైలవరం వైపు కొండల మీద కురిసి, వాగులన్నీ కలిసి, వెలగలేరు దాకా వచ్చి, అక్కడ డైవర్షన్ కాలువలో పట్టక, గండ్లు పడి వచ్చినవి. రాడార్ కొండల మీద వానని చూపిస్తుంది. వాగులో నీళ్లు ఏ గంటకి ఎంత ఎత్తుకి వస్తాయన్నది వేరే లెక్క, గట్టు ఎక్కడ బలహీనంగా ఉందన్నది ఇంకో లెక్క. ఆ రెండోది ఏ రాడార్‌కీ అందదు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. చదరపు కిలోమీటరు మీద సెంటీమీటరు వాన పడితే కోటి లీటర్లు, పదివేల లీటర్ల ట్యాంకర్లు వెయ్యి. ఇప్పుడు 100 చదరపు కి.మీ. కొండప్రాంతం మీద గంటసేపు 40 డీబీజెడ్ నిలబడిందనుకోండి. ఒక సూత్రంతో లెక్కిస్తే వాగులోకి దిగేందుకు సిద్ధంగా ఉన్నది 1.15 లక్షల ట్యాంకర్ల నీళ్లు. రెండో సూత్రంతో 2.16 లక్షలు. తేడాయే లక్ష ట్యాంకర్లు. గేట్లు ఎత్తాలా వద్దా అని తేల్చుకోవాల్సిన ఇంజనీరుకి ఈ అంకె చేతికిచ్చి ఊరుకుంటే లాభం లేదు. కొండల్లో రెయిన్‌గేజ్‌లు, వాగులో నీటిమట్టం కొలతలు, ఇవన్నీ కలిపే మోడల్ ఉండాలి.

నా మట్టుకు నాకు, సింగ్‌నగర్ లాంటి ముంపుకి రెండో వాదనే బలంగా కనిపిస్తుంది. అరగంటలో వన్ టౌన్ డ్రెయిన్లు పొంగే వానకీ, కల్లంలో మిర్చి ఆరబోసుకున్న గుంటూరు రైతుకీ మొదటిదే అక్కరకొస్తుంది. ఒకరి సమస్యకి ఇంకొకరి మందు రాస్తున్నాం కాబట్టి వాదన తెగడం లేదు. బుడమేరు వరద వచ్చిన పది రోజులకి, 2024 సెప్టెంబర్ 11న, కేంద్ర మంత్రివర్గం మిషన్ మౌసమ్ అనే పథకాన్ని ఆమోదించింది. రెండేళ్లకి 2,000 కోట్ల రూపాయలు, కొత్త రాడార్లతో పాటు మోడళ్లు, కంప్యూటర్లు కూడా అందులో ఉన్నాయి.

ఎంత మంచి రాడార్ పెట్టినా ఒకటి మారదు. అది చెప్పేది ఇప్పుడేముందో. రాబోయేది చెప్పాలంటే వరస బొమ్మల్లో ముద్ద ఎటు కదులుతోందో చూసి ముందుకి పొడిగించాలి. ఇది రెండు మూడు గంటల వరకే పనికొస్తుంది. వాతావరణ శాఖ ఇచ్చే నౌకాస్ట్, అంటే దగ్గరి గంటల అంచనా, మూడు గంటలకే ఉండటానికి కారణం అదే. ఆ తర్వాత పాత మబ్బు చస్తుంది, దాని చల్లగాలికి పక్కన కొత్త మబ్బు పుడుతుంది. పుట్టనిదాన్ని రాడార్ చూడలేదు.

బొమ్మ మూలన ఉన్న అంకె

ఇవన్నీ చదివాక మళ్లీ బావగారి బొమ్మ తెరిచి పెద్దది చేసి చూశాను. మూలన సన్నటి అక్షరాల్లో 11:12 అని ఉంది, పక్కన యూటీసీ అని. రాడార్ బొమ్మల మీద ఉండేది మన టైమ్ కాదు, ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం. దానికి ఐదున్నర గంటలు కలపాలి. అంటే ఆ బొమ్మ సాయంత్రం 4:42ది. మా గ్రూపుకి చేరింది 6:05కి. ఎవరో పెట్టింది ఇంకెవరో పంపగా, గంటా ఇరవై మూడు నిమిషాలు పాతబడి వచ్చింది.

ఆ ఎర్ర ముద్ద విజయవాడ మీద కూడా లేదు. చుట్టూ 250 కి.మీ. దూరం దాకా ఉన్నదాన్ని అరచేతిలో చూపించే బొమ్మలో విజయవాడకీ ఆగిరిపల్లికీ మధ్య దూరం బియ్యపు గింజంత. ముద్ద ఆగిరిపల్లి మీద ఉంది. ఆ కాలంలో ఇలాంటి మబ్బులు తరచు వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పోతాయి. గంటకి 30 కి.మీ. చొప్పున వేసుకుంటే, మేం వడియాలు చుట్టబెట్టేసరికి అది గుడివాడ మీద ఉండాలి.

గుడివాడలో పిన్నికి ఫోన్ చేశాను. ఆ రోజు ఆరింటికి కాస్త ముందు గాలి లేచిందని, కరెంటు పోయిందని, వసారాలోకి జల్లు కొట్టిందని చెప్పింది. బావగారికి ఈ సంగతి చెప్పాను. అత్తయ్యకి ఇంకా చెప్పలేదు.